పన్నెండో ముక్క

త్రియెస్తె రేవులో ఆ రాత్రి బోరా గాలి.
మలుపుల్లో కట్టిన తాళ్ళు పట్టుకుని
ముసలివాళ్ళు ఇళ్ళకు పాకుతున్నారు.
నేను ఒంటికాలి మీద లేచి
ఒందీనా ఉండే మూడో అంతస్తుకి ఎక్కాను.

ముప్పయ్యేళ్ళు బడిలో ప్రాచీన గ్రీకు చెప్పిందావిడ.
పింఛను చాలక ఇప్పుడు ముక్కలు పరుస్తోంది.
జోస్యం మాత్రం చెప్పదని పేరు.
అయినా జనం వెళ్తారు.

నా పని కాఫీ బస్తాల తూకం.
పద్దెనిమిదేళ్ళుగా ముల్లు మీదే కళ్ళు.
మొన్న పదకొండు బస్తాలు మాయమయ్యాయి.
చీటీ మీద సంతకం మా తమ్ముడు దారియోది,
లేదా దారియో చేతిరాత బాగా ఎరిగినవాడిది.
రేపు తొమ్మిదింటికి ఆఫీసులో
నేను నోరు విప్పాలి.

ముక్క తీశాను.
ఒక కాలికి తాడు. తల కిందికి. చేతులు వెనక్కి.
కొమ్మలు నరికిన రెండు చెట్ల నడుమ
గబ్బిలంలా ఒక కుర్రాడు.
"ద్రోహి" అన్నాను.
మా నాయనమ్మ ఆ ముక్కని అలాగే పిలిచేది.
పూర్వం మోసగాళ్ళ బొమ్మల్ని
ఊరి గోడల మీద ఇలాగే తలకిందులుగా గీయించి
వచ్చేపోయేవాళ్ళ చేత ఉమ్మించేవాళ్ళట.
"వాడా, నేనా? అది చెప్పండి చాలు."

"మొహం చూశావా?" అంది.
అప్పుడు చూశాను.
ఉరికి వేలాడేవాడి మొహంలా లేదది.
మంగలి కుర్చీలో కునుకు తీస్తున్నవాడిలా
అంత నెమ్మదిగా ఉంది.

టీలో తేనె కలుపుతూ చెప్పింది:
"పాత గ్రీకుల్లో కొందరుండేవాళ్ళు.
సంశయవాదులంటారు.
వాళ్ళు పెట్టుకున్న పేరుకి మాత్రం
ఇంకా వెతుకుతున్నవాళ్ళని అర్థం.
నీలాగే తూకం మనుషులు.
ఈ పళ్ళెంలో ఒక మాట, ఆ పళ్ళెంలో దాని ఎదురు మాట.
ముల్లు నడిమధ్యన ఆగిపోతే
తీర్పుని తాడేసి పైకి కట్టేసేవాళ్ళు.
వీడి కాలికున్నది అదే తాడేమో.
ఈ తేనె తీయగా అనిపిస్తే
తీయగా అనిపించిందనేవాళ్ళు, అక్కడితో సరి.
జ్వరం నోటికి ఇదే చేదు కదా."

నాకు ఒళ్ళు మండింది.
"ఇది గోడమీద పిల్లి వాటం" అన్నాను.
"పిల్లికి పాలు ఎటున్నాయో చూసి దూకాలని ఉంటుంది.
వీడి చేతులు చూడు, ఎటూ చాపడం లేదు."

"మరి రేపు తొమ్మిదింటికి?"
"వాళ్ళూ అన్నం తిన్నారు, పన్నులు కట్టారు,
బండి మీదికొస్తే పక్కకి జరిగారు.
కనిపించినదాన్ని కాదనలేదు.
కనిపించనిదాన్ని కలపలేదు."
అయిదు యూరోల నోటు తీసుకుని
రెండు వైపులా తిప్పి చూసి
డబ్బాలో వేసింది.

ఆ రాత్రి ఎందుకో నిద్ర పట్టింది.

తొమ్మిదింటికి చెప్పాను:
వర్షం. ఏడో నంబరు గిడ్డంగి. పసుపు కోటు.
మా తమ్ముడిలా అనిపించింది.
అలాంటి కోట్లు రేవులో నలభై ఉంటాయి.
సంతకం వాడిదిలా ఉంది,
చివర్న వాడు లాగే గీత మాత్రం లేదు.

"అంటే వాడేనా, కాదా?"
ఆ ఫారంలో రెండే గడులు.
అనిపించింది అనే మాటకి చోటు లేదు.
ఆఫీసరు వేలు మీటల పైన
గాల్లోనే వేలాడింది.

బయట దారియో, గోడకి ఆనుకుని.
ఏం చెప్పావని అడగలేదు.
చేతిలో కాగితం కప్పు పెట్టాడు.
రెండు చెంచాల చక్కెర వేశానన్నాడు.

చేదుగా అనిపించింది.